వెలుగు కత్తి పిడి

అబ్రహాము మాస్టారికి రెసిస్టరుకి మీటరు పెట్టి చూడడమంటే నామోషీ. భీమవరంలో పాలిటెక్నిక్ ల్యాబులో ఇరవై ఎనిమిదేళ్లుగా పనిచేస్తున్న మనిషి. వడ్లగింజంత ఉండే ఆ ముక్క మీది రంగు చారలు చూసి అది ఎన్ని ఓములో చెప్పేయడం ఆయన విద్య. కొత్తగా చేరిన పిల్లలు పుస్తకం తిరగేసి వేళ్లు మడుచుకునేలోగా ఆయన దాన్ని రెండు వేళ్ల మధ్య ఒకసారి తిప్పి, "రెండొందల ఇరవై. తరవాతది?" అనేవారు. "అబ్రహాము సార్ కళ్లే మీటరు" అని పిల్లలు అనుకోవడం ఆయన చెవిన పడింది. పడనట్టే ఉన్నారు గాని, ఆ మాట ఇంటికి తెచ్చి భార్య పాపాయికి నాలుగుసార్లయినా చెప్పి ఉంటారు.

ఆ కళ్లకి దసరా సెలవుల దగ్గర్నుంచి ట్యూబులైటు వెలుతురులో గోధుమరంగూ నలుపూ ఒకేలా కనబడుతున్నాయి. ఈ సంగతి మాత్రం పాపాయికి కూడా చెప్పలేదు.

ఆ బుధవారం సాయంత్రం ఆయన ఇంటి వసారాలో, బల్ల మీద, చర్చి క్రిస్మస్ నాటికకి కత్తి తయారవుతోంది. బైబిల్లో దేవుడు మొదటి ఆలుమగల్ని వెళ్లగొట్టిన తోట, దాని గుమ్మానికి కాపలా ఉండే దేవదూత పట్టుకునే కత్తి. ఇన్నేళ్లూ అట్టముక్కకి చెమ్కీ కాగితం అంటించి సరిపెట్టేవారు. ఈసారి యూత్ లీడరు ఏసురాజు, "కత్తి వెలగాలండి మాస్టారండీ. లైట్లన్నీ ఆర్పేస్తే అదొక్కటే మంటలాగ కనపడాలండి" అని పట్టుబట్టాడు. పట్టుబట్టాల్సిన అవసరం కూడా లేదు. అడిగిన మర్నాడే మాస్టారు కాగితం మీద బొమ్మ గీసేశారు.

దేవదూత వేషం సారికది. మాస్టారి ఊరి పిల్లే, పాలిటెక్నిక్ రెండో సంవత్సరం, ఆయన ల్యాబులోనే ప్రాక్టికల్సు. తల్లి సువార్తమ్మ రొయ్యల షెడ్డులో రొయ్యలు వలుస్తుంది. కత్తికి కావలసిన తెల్ల గొట్టం సారికే తెచ్చింది, మేనమామ ఇంట్లో పాడైపోయిన ఎల్‌ఈడీ ట్యూబులైటుది. పిడికి స్టీలు కర్టెన్ రాడ్డు ముక్క కోసి ఉంచారు మాస్టారు.

"ఎరుపూ పసుపూ కలిపి మూడేసి చొప్పున ఎనిమిది వరసలు," అన్నారాయన. "ఒక్కో లైటూ రెండు వోల్టులు తింటుంది. మూడిటికి?"

"ఆరండి."

"బ్యాటరీలు తొమ్మిది వోల్టులు. మిగిలిన మూడూ ఎవరు తినాలి?"

"రెసిస్టరండి."

"పదిహేను మిల్లీయాంపులు చాలు మనకి. మూడుని దాంతో భాగిస్తే రెండొందల ఓములు. రెండొందలది మన దగ్గర లేదు. అప్పుడేం చెయ్యాలి? పైది తీసుకోవాలి, కిందది కాదు. రెండొందల ఇరవై పెడితే లైటు కాస్త మసగ్గా వెలుగుతుంది, వెలగనీ. కాలకూడదు."

ఇలాంటివి చెప్పేటప్పుడు ఆయన గొంతు బాగుంటుంది. సారిక మోచేతులు బల్లకి ఆనించి వింది.

రెసిస్టర్లు పాత స్వీట్ల డబ్బాలో అన్నీ కలిసిపోయి ఉన్నాయి. మాస్టారు ఒక్కొక్కటే తీసి, ట్యూబులైటు వైపు ఎత్తి, దగ్గరకి తెచ్చి, దూరం పెట్టి, "ఎరుపు, ఎరుపు, గోధుమ" అంటూ ఎనిమిది ఏరి వరసగా పెట్టారు. సారిక వాటి మీదికి వంగింది.

"సార్, ఈ మూడిటికీ మూడో చార నల్లగా ఉన్నట్టుందండి. నలుపైతే ఇరవై రెండే కదండి. మీటరు పెట్టి చూడమంటారా?"

పసుపుపచ్చ మీటరు గోడకి మేకున వేలాడుతూనే ఉంది. సారిక చెయ్యి అప్పటికే అటు వెళ్లింది.

"గోధుమేనమ్మా. పాతబడి మాసింది," అన్నారు మాస్టారు. ఆ పిల్ల చెయ్యి ఇంకా మీటరు దగ్గరే ఉండడం చూసి, "నువ్వు పుట్టకముందు నుంచీ చూస్తున్నాను వీటిని," అని కూడా అన్నారు.

"ఆయ్," అని సారిక చెయ్యి తీసేసింది.

రెసిస్టర్లన్నీ పిడిలోకే సర్దారు. సోల్డరు పెట్టడం, అతుకులకి ప్లాస్టిక్ స్లీవు తొడగడం అంతా అయ్యాక స్విచ్చి వేస్తే గొట్టం మొన దాకా భగ్గుమంది. మూడు వరసలు మిగతా వాటికన్నా బాగా ఎక్కువగా వెలుగుతున్నాయి. ఆ హెచ్చుతగ్గులు చూసి ఆయనకి అనుమానం రావాలి. రాలేదు సరికదా, ముచ్చటేసింది. నిజం మంట ఇలాగే కదా, ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. పది సెకన్లు చూసుకుని, బ్యాటరీలు అయిపోతాయని ఆర్పేశారు. "పాపాయీ, ఇలా వచ్చి చూడవే," అని భార్యని పిలిచి ఇంకో పది సెకన్లు వెలిగించారు.

శుక్రవారం సాయంత్రం చర్చిలో పూర్తి వేషాలతో రిహార్సలు. సువార్తమ్మ షెడ్డు నుంచి తిన్నగా వచ్చి గుమ్మం పక్కన కూర్చుంది. సారిక వేసుకున్న తెల్ల అంగీ ఆవిడ కుట్టిందే. దాని అంచులకి తన తల్లి చేత్తో అల్లిన నరసాపురం లేసు, ఇన్నాళ్లూ పెట్టె అడుగున దాచింది, తీసి వేసింది. క్రిస్మస్ ముందు రోజు ప్రోగ్రాముకి షెడ్డులో తనతో వలిచే ఆడవాళ్లని పదిమందిని రమ్మని చెప్పుకుంది కూడా. మాస్టారిని చూడగానే లేచి నిలబడింది.

"వందనాలండి మాస్టారండీ."

"ఆఁ, సువార్తమ్మా, కూర్చో కూర్చో," అన్నారాయన ఆగకుండానే.

లైట్లు ఆర్పారు. సారిక బెంచీ మీద నిలబడి, రెక్కలు సర్దుకుని, స్విచ్చి నొక్కింది. చర్చి అంతా ఒక్కసారి "హా" అంది. బ్యాటరీల పెట్టె అంగీ లోపల నడుముకి కట్టుకుంది, తీగ చేతిలోంచి పిడిలోకి వస్తోంది. క్వయరు పాట ఎత్తుకుంది. నాలుగు చరణాల పాట. అది అయ్యేదాకా దేవదూత కత్తి ఎత్తి కదలకుండా నిలబడాలి.

మొదటి చరణం బాగానే గడిచింది. రెండో చరణంలో సారిక పిడి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "కదలకు!" అని ఏసురాజు అరిచాడు. మళ్లీ కుడిచేతిలోకి తీసుకుంది. పెదవి బిగబట్టి ఉండడం ఆ ఎర్ర వెలుతురులో మాస్టారికి కనిపించింది. మూడో చరణం సగంలో కత్తి ఠక్కున కింద పడింది. గొట్టం చిట్లింది, చీకటైపోయింది, చిన్నపిల్లలు నవ్వారు.

లైట్లు వేశారు. సారిక అరచెయ్యి పొట్టకి అదుముకుని నిలబడి ఉంది.

"చెయ్యి కాలిందండి."

"కాలడమేంటి?" అంటూ ఏసురాజు వచ్చి, మాస్టారి వైపు తిరిగాడు. అందరూ అటే తిరిగారు.

మాస్టారు వంగి పిడి అందుకున్నారు. పొయ్యి మీది పెనం అంచు తగిలినట్టు చురుక్కుమంది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. భుజం మీది తువ్వాలు తీసి, తొందరలేనట్టుగా పిడికి చుట్టి, నేలకేసి చూస్తూ, "వేడేం లేదే. తొమ్మిది వోల్టులకి చెయ్యి కాలుతుందా ఎక్కడన్నా? కంగారుపడి వదిలేసినట్టుంది," అన్నారు.

అనేశాక, ఆ మాట వెనక్కి తీసుకోవడానికి కాసేపు వ్యవధి దొరికింది. ఆ కాసేపూ ఆయన దగ్గుతో గడిపేశారు.

"మెలకువగా పట్టుకోవద్దా సారికా?" అన్నాడు ఏసురాజు. "మాస్టారు అంత కష్టపడి చేసిస్తే! ఇంక అయిదు రోజులే ఉంది. ఆ వేషం కాపరుల్లో ఉన్న ఆశాజ్యోతికి ఇద్దాం. నువ్వు ఆ పిల్ల చోట నిలబడు."

"మా పిల్ల అబద్ధం చెప్పదండి," అంది సువార్తమ్మ గుమ్మం దగ్గర్నుంచి, వినిపించీ వినిపించకుండా. వెంటనే అలా అన్నందుకు తనే భయపడ్డట్టు, "గొట్టం మా తమ్ముణ్ణడిగి ఇంకోటి తెచ్చిస్తానండి మాస్టారండీ," అంది.

సారిక మాస్టారి వైపు ఒక్కసారి చూసింది. మీటరు మాట ఇప్పుడు అంటుందని ఆయన తువ్వాలు ఇంకాస్త బిగించి చుట్టారు. ఆ పిల్ల ఒంటిచేత్తో రెక్కల ముడి విప్పుకుని ఆశాజ్యోతికి ఇచ్చింది.

ఇంటికొచ్చి పిడి విప్పితే, రావలసినదానికి ఎన్నో రెట్ల కరెంటు పారి మూడు రెసిస్టర్లు బొగ్గులైపోయి ఉన్నాయి. మిగతా అయిదూ చల్లగా, శుభ్రంగా ఉన్నాయి. మాస్టారు వీధితలుపు దగ్గరకి వేసి, మేకు మీది మీటరు తీశారు. డబ్బాలో తను ఎరుపు, ఎరుపు, గోధుమ అనుకున్నవి ఇంకో పది తీసి ఒక్కొక్కదానికీ పెట్టి చూశారు. రెండొందల ఇరవై. రెండొందల ఇరవై. ఇరవై రెండు. రెండొందల ఇరవై. ఇరవై రెండు. ఆపేసి చేతులు ఒళ్లో పెట్టుకున్నారు. కళ్లు పొరబడితే డాక్టరున్నాడు. పిడి ముట్టుకుని, వేడి తెలిసి, లేదని చెప్పిన నోటికి ఎవరున్నారు?

"అన్నానికి లేవరా?" అంది పాపాయి.

"కడుపులో బాలేదు."

అది కూడా అబద్ధమేనని ఆయనకి తోచింది.

శనివారం ల్యాబులో సారిక ఎడంచేత్తో స్క్రూడ్రైవరు తిప్పుతోంది. కుడి అరచేతిలో, బొటనవేలి కింద, రూపాయి బిళ్లంత బొబ్బ. దాని మీద ఏదో తెల్లటి మందు రాసుకుంది. బ్యాచి వెళ్లిపోయేదాకా మాస్టారు ఆ బల్ల వైపు వెళ్లలేకపోయారు. అందరూ వెళ్లాక, "సారికా, ఒక్క నిమిషం ఆగమ్మా," అన్నారు.

ఆగింది.

"నువ్వు ముందే చెప్పావు. మీటరు పెడతానన్నావు. నిన్న అందరిముందూ ఆ మాట ఎందుకు అనలేదు?"

సారిక బల్ల మీది తీగముక్కలు ఏరుతూ ఉండిపోయింది. "అంటే మీకు చూపు ఆనట్లేదని చెప్పాలి కదండి."

"నీకెలా తెలుసు?"

"అందరికీ తెలుసండి సార్. దసరా అయ్యాక మీరు ట్రేలో పెట్టినవి రెండుసార్లు తేడా వచ్చాయండి. అప్పట్నుంచి మేమే మీరటు వెళ్లాక మీటరు పెట్టి చూసుకుని మార్చేసుకుంటున్నామండి. మీకు తెలిస్తే బాధపడతారని ఎవరం బయటికి అనలేదండి."

కళ్లే మీటరు. ఆ మాట పిల్లలు ఇప్పటికీ అంటూనే ఉన్నారు. ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"వేషం పోయింది కదమ్మా నీకు."

"పోతే పోయిందండి. అమ్మే షెడ్డులో అందరికీ చెప్పుకుంది. ఇప్పుడు రావద్దని ఎలా చెప్పాలా అనుకుంటోంది." సారిక సంచీ భుజాన వేసుకుంది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "కనపడకపోవడం మీ తప్పు కాదండి సార్. కానీ పిడి ముట్టుకుని, వేడి లేదన్నారు చూడండి..."

మిగతాది చెప్పకుండానే వెళ్లిపోయింది.

ఆదివారం ఆరాధన అయ్యాక మాస్టారు పాస్టరు జయపాల్ గారి గదిలోకి వెళ్లారు. ఏసురాజునీ, సారికనీ, సువార్తమ్మనీ అక్కడికే పిలిపించమన్నారు. రాత్రంతా కూర్చుకున్న మాటలు అక్కడ నిలబడేసరికి చెదిరిపోయాయి.

"తప్పు నాదండి అయ్యగారూ. పిడి కాలింది. రెసిస్టర్లు నేను తప్పు పెట్టాను. ఈ అమ్మాయి చెయ్యి నిజంగానే కాలింది."

అయ్యగారు లేచి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశారు. "మాస్టారూ, మీ మనసు మాకు తెలీదా? పిల్ల చిన్నబుచ్చుకుందని మీ మీద వేసుకుంటున్నారు."

"లేదండి, నిజంగా..."

"మీరు పొరబడ్డమేంటండి?" అని నవ్వాడు ఏసురాజు. "మీ కళ్లే మీటరంటారు కాలేజీలో. సరేనండి, మీరింతగా చెబుతున్నారు కాబట్టి వేషం సారికకే ఇచ్చేద్దాం. ఆశాజ్యోతికి నేను చెప్పుకుంటాను."

సువార్తమ్మ రెండు చేతులూ జోడించింది. షెడ్డులో ఐసునీళ్లలో నాని నాని ఆ వేళ్ల కొసలు తెల్లగా ముడతలుపడి ఉన్నాయి. "మీలాంటి పెద్దోళ్లు ఉండబట్టేనండి మాస్టారండీ. తప్పు మాదైనా మీరు మోస్తున్నారు."

అక్కడితో ఊరుకుంటే ఏ గొడవా లేదు. పిల్లకి వేషం వచ్చేసింది. ఒప్పుకున్నానన్న తృప్తి తనది, మంచివాడన్న పేరూ తనదే. మాస్టారికి నిజంగా ప్రాణం తేలికపడింది, ఆ తేలికకి వెంటనే సిగ్గేసింది. సారిక ఆయన్ని చూడడం లేదు. తల్లి జోడించిన చేతుల్ని చూస్తోంది.

ఆయన బయటికి వెళ్లి స్కూటరు డిక్కీలోంచి స్వీట్ల డబ్బా, మీటరు తెచ్చి బల్ల మీద పెట్టారు. అయ్యగారి గదిలో కిటికీ మూసి ఉంది, ట్యూబులైటు వెలుగుతోంది.

"ఏసురాజూ, ఇందులోంచి ముందు రెండు చారలూ ఎర్రగా ఉన్నవి అయిదు తియ్యి. నేను చదువుతాను. సారికా, నువ్వు మీటరు పెట్టమ్మా."

"ఎందుకండి ఇదంతా..."

"తియ్యవయ్యా."

మొదటిది కంటికి దగ్గరగా పెట్టుకున్నారు. "ఎరుపు, ఎరుపు, గోధుమ. రెండొందల ఇరవై." సారిక మీటరు పుల్లలు రెండు కొసలకీ ఆనించింది. "రెండొందల పద్ధెనిమిదండి." ఏసురాజు చూశారా అన్నట్టు నవ్వాడు.

"ఎరుపు, ఎరుపు, గోధుమ. రెండొందల ఇరవై."

సారిక పుల్లలు మరోసారి ఆనించి చూసింది. "ఇరవై రెండండి."

మూడోది కూడా ఇరవై రెండే. నాలుగోదానికి ఏసురాజు నవ్వడం మానేశాడు. "చాలండి మాస్టారూ," అన్నారు అయ్యగారు మెల్లగా. మాస్టారు అయిదోది కూడా చదివారు. అదీ తప్పే.

"చూపు ఆనడం లేదండి నాకు. దసరా నుంచి," అన్నారు. "అది జబ్బు. మీటరు పెట్టుకుంటే సరిపోయేది, నామోషీపడ్డాను. శుక్రవారంనాడు పిడి పట్టుకున్నాను కదండి, నా చెయ్యి కూడా చురుక్కుమంది. తెలిసే లేదన్నాను. తెలిసే తువ్వాలు చుట్టాను. అది జబ్బు కాదండి."

సువార్తమ్మ జోడించిన చేతులు నెమ్మదిగా విడిపోయాయి. ఆవిడ కూతురి కుడిచెయ్యి అందుకుని, అరచెయ్యి పైకి తిప్పి, బొబ్బ వైపు అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. రెండు రోజులుగా ఇంట్లో కూతుర్ని ఏమేం తిట్టి ఉంటుందో ఆవిడకే తెలియాలి. తరవాత పైట సర్దుకుని, కూతుర్ని తీసుకుని బయటికి నడిచింది. ఎన్నేళ్లనుంచో ఆ ఊళ్లో వచ్చేటప్పుడూ వెళ్లేటప్పుడూ మాస్టారికి వందనాలు చెప్పే మనిషి ఆ రోజు చెప్పలేదు.

సోమ, మంగళవారాల్లో కొత్త గొట్టంతో కత్తి మళ్లీ తయారైంది, ఈసారి ల్యాబులో. సోమవారం ప్రాక్టికల్సు మొదలుపెట్టే ముందు మాస్టారు పిల్లలందరికీ, "ఇకనుంచి నేనిచ్చిన ప్రతిదానికీ నా ఎదురుగానే మీటరు పెట్టండి," అని చెప్పారు. పిల్లలు తలలు దించుకున్నారు. రెసిస్టర్లు సారిక ఏరింది, ప్రతిదాన్నీ కొలిచి కాగితం మీద రాసుకుంది. ఈసారి వాటిని పిడిలో పెట్టలేదు, నడుముకి కట్టుకునే పెట్టెలోకి మార్చారు. అది సారిక చెప్పిన మార్పే. మాస్టారు తీగలు పట్టుకున్నారు, సారిక సోల్డరు పెట్టింది. అరగంట వెలిగించి ఉంచారు. పిడి చల్లగానే ఉంది.

బుధవారం సాయంత్రం ఆరున్నరకి చర్చి నిండిపోయింది. షెడ్డు ఆడవాళ్లు ముందు వరసల్లోనే కూర్చున్నారు. తెర వెనకాల సారికకి రెక్కలు కడుతున్నారు. మాస్టారు కత్తి పట్టుకుని నిలబడి ఉన్నారు. అవతల క్వయరు ఆఖరిసారి పాట సరిచూసుకోవడానికి హార్మోనియం మీద శ్రుతి పట్టుకుంటోంది.

సువార్తమ్మ తెర పక్కనుంచి లోపలికి వచ్చింది. తిన్నగా మాస్టారి దగ్గరకే వచ్చి చెయ్యి చాపింది.

"ఇలా ఇవ్వండి."

ఇచ్చారు.

"ఎక్కడ నొక్కాలి?"

చూపించారు. కత్తి వెలిగింది. ఆవిడ పిడిని అరచేత్తో ఒకసారి పట్టుకుని, తల అడ్డంగా ఊపింది. "ఐసులో నాని నాని ఈ చేతులకి ఏదీ తెలవదండి," అని, పిడిని ఎత్తి చెంపకి ఆనించుకుంది.

అవతల పాట మొదలైంది. ఆవిడ కళ్లు మూసుకుంది. ఎర్ర వెలుతురు ఆవిడ ముఖం మీద, చెవి కమ్మ మీద పడుతోంది. రెక్కలు కట్టడం ఆగిపోయింది. మొదటి చరణం అయింది. రెండోది అయింది. మాస్టారికి పిడి చల్లగా ఉందని తెలుసు, అయినా ఆ చెంప మీంచి చూపు తిప్పుకోలేకపోయారు. తన మాట మీద ఆవిడకి నమ్మకం లేదు. ఉండాలని అడిగే మొహం తనకీ లేదు.

మూడో చరణం దగ్గర ఆయన ఉండబట్టలేకపోయారు. ఇన్నేళ్లలో ఆవిడని ఎప్పుడూ అలా పిలవలేదు.

"వేడి లేదు కదండీ సువార్తమ్మగారూ. ఇక చాలండి."

ఆవిడ కళ్లు తెరవలేదు. పిడిని చెంపకి ఇంకాస్త గట్టిగా ఆనించుకుంది.

"ఉండండి," అంది. "పాట ఇంకా అవ్వలేదు."